ఒక యంత్రము – అనేక సర్వర్లు

కర్నూలు జిల్లాలో ఆదోనికి ఉత్తరమున ఉన్న మండల కేంద్రము కోసిగి. ముంబయి – చెన్నై రైలు మార్గము ఈ ఊరి మీదుగా పోవును. ఇది వర్షము తక్కువైన మెట్టప్రాంతము. వానలు తప్పిన ఏట ఇక్కడి కుటుంబములు పని వెదకుకొనుచు గుంటూరు మిరపచేలకు, హైదరాబాదు, బెంగుళూరు నగరములలోని కట్టడపు పనులకు వలసపోవుట పరిపాటి. ముసలివారును పిల్లలును ఇంటి వద్ద, పనిచేయగలవారు దూరమున ఉందురు. అందువలన ఒకే రేషను కార్డు మీది ధాన్యమును రెండు చోట్ల తీసికొనవలసిన అవసరము కలుగును.

ఒక రాష్ట్రపు రేషను కార్డు మరొక రాష్ట్రమున చెల్లు ఏర్పాటు 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ – తెలంగాణల నడుమను, గుజరాత్ – మహారాష్ట్రల నడుమను మొదలైనది. అదియే 'ఒకే దేశము, ఒకే రేషను కార్డు' అను పేర దేశమంతట వ్యాపించినది. హైదరాబాదులోని చౌకధరల దుకాణమున కోసిగి కూలీ యంత్రముపై వ్రేలు ఆనించిన కొన్ని క్షణములలో, అతని కార్డు మీద ఎంత ధాన్యము మిగిలియున్నదో తెలియును. ఆ జవాబు చెప్పునది దుకాణములోని చిన్న యంత్రము కాదు. దూరమున ఎక్కడనో ఉన్న సర్వరు చెప్పును. పదవ తరగతి ఫలితములు వెలువడిన నాడు ఫోనులో మార్కులు చూపునదియు అట్టి సర్వరే.

ఇట్టి సర్వర్లపై పని ఒకే తీరున రాదు. కొన్ని దినములలో చుక్కలు చుక్కలుగా వచ్చును. కొన్ని గంటలలో వెల్లువవలె వచ్చిపడును. పైగా ఒకే యంత్రముపై పలు కార్యాలయముల పనులు, పలు రకముల పనులు నడుపవలసి వచ్చును. ఇందుకై కంప్యూటరు నిపుణులు తరచుగా వాడు ఉపాయమొకటి కలదు. ఒకే సర్వరు ప్రోగ్రామును ఒకే యంత్రములో, ఒక్కసారిగా, రెండు మూడు చోట్ల వేరువేరుగా నడుపుటయే ఆ ఉపాయము. దాని వలన ఏమి కలిసివచ్చును, ఏమి కలిసిరాదు అను విషయము విద్యార్థులు తెలిసికొనదగినది.

సర్వరు అనగా నేమి?

ప్రశ్న అడుగు ప్రోగ్రామును 'క్లయింటు' అనియు, జవాబిచ్చు ప్రోగ్రామును 'సర్వరు' అనియు అందురు. వాడుకలో ఆ ప్రోగ్రామును మోయు కంప్యూటరును గూడ సర్వరు అనుట కద్దు. ఈ రెంటిని కలుపుకొన్నచో ముందు విషయము బోధపడదు. కావున ఈ వ్యాసములో ప్రోగ్రామునకు మాత్రమే సర్వరు అను పేరు వాడబడినది. దానిని మోయు కంప్యూటరు 'యంత్రము'.

ప్రపంచములోని మొదటి వెబ్ సర్వరు 1990 చివర స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయములో నడిచినది. దానిని వ్రాసినవాడు టిమ్ బెర్నర్స్-లీ. అది నడిచిన నెక్స్ట్ కంప్యూటరును ఎవరైనను పొరపాటున ఆర్పివేయుదురేమో యని, ఆర్పవద్దని చేతితో వ్రాసిన చీటీ దానికి అంటింపబడినది. ఒక యంత్రము, దానిపై ఒక సర్వరు – ఆనాటి స్థితి అది.

ఆనాటి సర్వరు పని సులువైనది. ముందే వ్రాసి ఉంచిన పుటను అడిగిన వారికి తీసి ఇచ్చుటయే దాని పని. ఇప్పటి సర్వర్లు అంతటితో ఆగవు. కార్డు సంఖ్య చూచి, నిల్వ లెక్క తీసి, తీసివేత చేసి, అప్పటికప్పుడు జవాబు తయారు చేయవలెను. ఇట్లు లెక్కించి జవాబు చెప్పు సర్వరును 'అప్లికేషన్ సర్వరు' అందురు. జావా భాషలో వ్రాసిన పనులను నడుపు 'టామ్‌క్యాట్' ఇట్టి వానిలో ప్రసిద్ధమైనది. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో జేమ్స్ డంకన్ డేవిడ్‌సన్ దీనికి మొదటి రూపము నిచ్చెను. 1999లో ఇది అపాచీ సంస్థకు అప్పగింపబడి, ఎవరైనను ఉచితముగా వాడుకొనదగినదైనది. ముందు వచ్చు వివరములకు దీనినే ఉదాహరణగా గ్రహించుట తేలిక.

ప్రోగ్రాము వేరు, ఇన్‌స్టెన్సు వేరు

కోసిగి రైతులకు ప్రత్తి అనగానే ఆదోని మార్కెట్టు తలపునకు వచ్చును. అట్టి ప్రత్తి యార్డు నొకదానిని ఊహింపవచ్చును. సరకు ఎట్లు తూచవలెను, తరుగు ఎట్లు లెక్కింపవలెను, చీటీ ఎట్లు వ్రాయవలెను అను నిబంధనల పుస్తకము ఒకటే. కాని కాటాలు నాలుగు. ఒక్కొక్క కాటా వద్ద ఒక గుమాస్తా, కొందరు హమాలీలు, ఒక చిట్టా పుస్తకము, బోరెములు దించుటకు కొంత స్థలము ఉండును. నాలుగు కాటాల వద్దను ఒకే నిబంధనల ప్రకారము పని జరుగును. అయినను ఒక కాటా వద్ద జరుగుచున్న తూకముతో మరొక కాటాకు సంబంధము లేదు.

నిబంధనల పుస్తకము ప్రోగ్రాము వంటిది. అది డిస్కు మీద వ్రాసియుండు ఆదేశముల వరుస మాత్రమే. తనంత తాను ఏ పనియు చేయదు. నడుచుచున్న కాటా 'ఇన్‌స్టెన్సు' వంటిది. అనగా, ప్రోగ్రాము మెమొరీలోనికి ఎక్కి, ప్రాసెసరు కాలమును పొంది, పనిచేయుచున్నప్పుడు ఆ నడుచుచున్న రూపమునకు ఇన్‌స్టెన్సు అని పేరు. ఒక ప్రోగ్రామునకు ఎన్ని ఇన్‌స్టెన్సులైనను ఉండవచ్చును. ఒక్కొక్క ఇన్‌స్టెన్సునకు తన మెమొరీ తనకు ప్రత్యేకము. ఒక దాని మెమొరీలో మరొకటి చేయి పెట్టకుండ లినక్సు, విండోస్ వంటి నిర్వహణ వ్యవస్థలు కాపలా కాయుచుండును. ఇన్‌స్టెన్సులోపల హమాలీలవలె పనిచేయు భాగములను 'థ్రెడ్లు' అందురు. ఒక్కొక్క థ్రెడ్డు ఒకసారికి ఒక ప్రశ్నను చేపట్టును.

చిరునామా, పోర్టు సంఖ్య

ఒకే యంత్రములో నాలుగు ఇన్‌స్టెన్సులు నడుచుచున్నప్పుడు, బయటినుండి వచ్చిన ప్రశ్న దేనికి చేరవలెను? యార్డుకు చిరునామా ఒకటే యైనను కాటాలకు సంఖ్యలుండును గదా! అట్లే యంత్రమునకు ఐ.పి. చిరునామాయును, అందులోని ఒక్కొక్క ద్వారమునకు 'పోర్టు' సంఖ్యయును ఉండును. పోర్టు సంఖ్య 16 బిట్లతో వ్రాయబడును. 2ను 16 మార్లు హెచ్చవేసిన 65,536 అగును గనుక, సంఖ్యలు 0 నుండి 65,535 వరకు ఉండును. సాధారణ వెబ్ పుటలకు 80, గుప్తీకరించిన వానికి 443 అను సంఖ్యలు రివాజుగా ఏర్పడియున్నవి.

ఒక చిరునామాపై ఒక పోర్టును మామూలుగా ఒకే ఇన్‌స్టెన్సు పట్టుకొనియుండును. రెండవది అదే సంఖ్య అడిగినచో, ఆ స్థానము ఇదివరకే వాడుకలో ఉన్నదని నిర్వహణ వ్యవస్థ త్రోసిపుచ్చును. టామ్‌క్యాట్ మొదట 8080 సంఖ్య గల పోర్టు వద్ద ప్రశ్నలు వినునట్లు ఏర్పాటై వచ్చును. రెండవ ఇన్‌స్టెన్సునకు 8081, మూడవ దానికి 8082 అని వేరు సంఖ్యలు ఇయ్యవలెను.

ఇక్కడ కొత్తవారు తరచు మరచునది యొకటి కలదు. టామ్‌క్యాట్‌ను ఆపుటకై వచ్చు ఆజ్ఞను వినుటకు 8005 అను మరియొక పోర్టు సాధారణముగా ఉండును. ప్రశ్నల పోర్టును మాత్రము మార్చి దీనిని మార్చకున్నచో రెండవ ఇన్‌స్టెన్సు నిలువదు. బయటికి కనబడు ద్వారము మాత్రమే కాక, పెరటి ద్వారము గూడ వేరుగా ఉండవలెనన్న మాట.

ఉమ్మడి సొత్తు, సొంత సొత్తు

నాలుగు ఇన్‌స్టెన్సులు కావలెనన్న ప్రోగ్రామును నాలుగు మార్లు డిస్కుపై నింపవలెనా? అక్కరలేదు. నిబంధనల పుస్తకము ఒకటి చాలును. చిట్టాలు మాత్రము నాలుగు కావలెను. టామ్‌క్యాట్‌లో ఈ విభజనకు రెండు పేర్లు కలవు. అందరికి ఉమ్మడియైన ప్రోగ్రాము భాగములుండు స్థలము 'క్యాటలీనా హోమ్'. ఒక్కొక్క ఇన్‌స్టెన్సునకు సొంతమైనవి ఉండు స్థలము 'క్యాటలీనా బేస్'. పోర్టు సంఖ్యలు మొదలగు అమరికలు, నడిపింపవలసిన అప్లికేషన్లు, జరిగిన పనిని వ్రాయు లాగ్ పుస్తకములు, తాత్కాలికపు కాగితముల వంటి ఫైళ్లు – ఇవియన్నియు బేస్‌లో ఉండును. హోమ్ ఒకటియు, బేస్‌లు నాలుగును ఉన్నచో నాలుగు ఇన్‌స్టెన్సులను ప్రారంభింపవచ్చును.

టామ్‌క్యాట్‌లో భద్రతాలోపము బయటపడి కొత్త కూర్పు వచ్చినప్పుడు, హోమ్‌ను ఒక్కచోట మార్చిన చాలును. ఇన్‌స్టెన్సులను మరల ప్రారంభించినంతనే అన్నియు కొత్త కూర్పుతో నడుచును. ఇది సౌకర్యము. అయితే కొత్త కూర్పులో దోషమున్నచో అదియు అన్నిటికిని ఒక్కసారిగా అంటుకొనును. ఏది ఉమ్మడిగా ఉంచితిమో దాని మంచియు చెడుగును ఉమ్మడియే యగును.

ప్రాసెసరు పంపకము

నాలుగు ఇన్‌స్టెన్సులు 'ఒక్కసారిగా' నడుచుచున్నవి అను మాటలో కొంత అతిశయము కలదు. కోసిగి మీదుగా ఎన్నో రైళ్లు పోవును. కాని ఒకే పట్టాలపై, ఒక బ్లాకు సెక్షనులో, ఒకసారికి ఒకే రైలు ఉండవలెనని నియమము. మిగిలినవి స్టేషన్లలో వేచియుండును. ప్రాసెసరులోని 'కోర్' అను లెక్కించు భాగము గూడ సామాన్యముగా ఇట్టిదే. అది ఒకసారికి ఒకే పనిని నడుపును. సెకనులో వందవవంతు, అంతకంటె తక్కువ కాలము ఒక పనికిచ్చి, దానిని ప్రక్కకు పెట్టి, మరొక దానిని ఎత్తుకొనును. మార్పు అతి వేగముగా జరుగుట వలన మనుష్యులకు అన్నియు కలిసి నడుచుచున్నట్లు తోచును.

ఈ కాలవిభజన పద్ధతిని అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయములో ఫెర్నాండో కోర్బటో బృందము 1961లో నడిపి చూపినది. అప్పటి యంత్రములు మిక్కిలి వెలగలవి. ఒక మనిషి ఆలోచించుచు కూర్చున్న సమయములో యంత్రము ఊరక ఉండరాదన్న పొదుపే ఆ పద్ధతికి మూలము. ఒక యంత్రముపై పలు సర్వర్లు నడుపుటకు ఆధారమైన సూత్రము గూడ అదియే. ఒక ఇన్‌స్టెన్సు డిస్కునుండి సమాచారమునకై వేచియున్నప్పుడు ప్రాసెసరు మరొక దాని పని చూడగలదు.

బలము పెరుగునా? – ఒక లెక్క

ఇన్‌స్టెన్సులు పెంచిన కొలది యంత్రము ఎక్కువ పని చేయునని కొందరు తలంతురు. దీనిని అంకెలతో పరీక్షింపవచ్చును. ఇక్కడి సంఖ్యలు సూత్రము తెలియుటకు ఊహించుకొన్నవి.

మొదట మెమొరీ. ఒక యంత్రములో 16 గిగాబైట్ల మెమొరీ కలదనుకొనవలెను. నిర్వహణ వ్యవస్థకు 2 గిగాబైట్లు విడిచిన మిగులునది 14. ఒక్కొక్క ఇన్‌స్టెన్సునకు పని మెమొరీ 2 గిగాబైట్లు, థ్రెడ్లకు, ఇతర అవసరములకు మరియొక అర గిగాబైటు, వెరసి 2.5. పదునాలుగును 2.5 చేత భాగించిన 5.6 వచ్చును. కావున ఐదు ఇన్‌స్టెన్సులు పట్టును, ఆరవది పట్టదు. మొండిగా ఆరవదానిని నడిపినచో నిర్వహణ వ్యవస్థ మెమొరీలోని విషయములను డిస్కునకు తరలించుచు, మరల తెచ్చుకొనుచు ఉండును. డిస్కు మెమొరీకంటె ఎన్నో రెట్లు మందకొడిది గనుక ఆరును కలిసి కుంటుపడును.

ఇక ప్రాసెసరు. యంత్రమునకు నాలుగు కోర్లు కలవు. ఒక్కొక్క ప్రశ్నకు 20 మిల్లీసెకనుల ప్రాసెసరు కాలము పట్టును. అప్పుడు ఒక కోర్ సెకనుకు 50 ప్రశ్నలకు జవాబు చెప్పగలదు. నాలుగు కోర్లు 200 ప్రశ్నలకు. ఇన్‌స్టెన్సులు నాలుగైనను, నలుబదియైనను ఈ 200 మారదు. పైపెచ్చు ఒక దానినుండి మరొక దానికి మారుటలో కొంత కాలము వ్యయమగుట వలన తగ్గవచ్చును గూడ.

పరీక్షా ఫలితముల నాడు పది నిమిషములపాటు సెకనుకు 300 ప్రశ్నలు వచ్చినవనుకొనవలెను. జవాబులు 200. సెకనుకు 100 ప్రశ్నలు మిగిలిపోవును. పది నిమిషములకు 600 సెకనులు గనుక వరుసలో 60,000 ప్రశ్నలు నిలిచియుండును. ఆ సమయమున వచ్చిన విద్యార్థి 60,000ను 200 చేత భాగించగా వచ్చిన 300 సెకనులు, అనగా ఐదు నిమిషములు, వేచియుండవలెను. అతడు విసిగి మరల మరల మీట నొక్కినచో, మొదటి ప్రశ్న వరుసలో ఉండగానే కొత్త ప్రశ్నలు చేరి వరుస ఇంకను పొడవగును. ఫలితముల నాడు వెబ్‌సైటు 'తెరచుకొనదు' అనుటకు ఇది ముఖ్య కారణము.

ఇట్టి వరుసల గణితమునకు పునాది వేసినవాడు డెన్మార్కు దేశీయుడు ఏ. కె. ఎర్లాంగ్. కోపెన్‌హాగన్ టెలిఫోను కేంద్రమునకు ఎన్ని తంతులు కావలెనో లెక్కించుచు ఆయన 1909లో మొదటి పత్రమును ప్రకటించెను. టెలిఫోను తంతులకు చెప్పిన లెక్క నేడు సర్వర్లకును చెల్లుచున్నది.

అయితే ఒక మినహాయింపు కలదు. కొన్ని సర్వరు ప్రోగ్రాములు స్వభావము చేతనే ఒక కోర్‌ను మించి వాడుకొనలేవు. 2009లో ర్యాన్ డాల్ రూపొందించిన నోడ్ అను ఏర్పాటు తన ముఖ్యమైన పనిని ఒకే థ్రెడ్డుపై నడుపును. ఇట్టి దానిని నాలుగు కోర్ల యంత్రముపై ఒక్కటే నడిపినచో మూడు కోర్లు చాలవరకు ఊరక ఉండును. నాలుగు ఇన్‌స్టెన్సులు నడిపినప్పుడే 50 జవాబులు 200 అగును. ఇక్కడ పెరిగినది యంత్రము బలము కాదు. వృథాగా ఉన్న బలము వాడుకలోనికి వచ్చినది.

వేరుపడుటలోని లాభము

టామ్‌క్యాట్ వంటి సర్వరు ఒక్క ఇన్‌స్టెన్సుతోనే అన్ని కోర్లను వాడుకొనగలదు. దానిలో సాధారణముగా 200 థ్రెడ్ల వరకు అనుమతి ఉండును. అట్లయిన దానిని పలుచోట్ల నడుపుట ఎందులకు? ఒక దాని కీడు మరొక దానికి అంటకుండుటకు.

ఒకే ఇన్‌స్టెన్సులో రేషను లెక్కలు, పింఛనుల పట్టికలు, బడుల హాజరు – మూడు పనులు నడుచుచున్నవనుకొనవలెను. హాజరు ప్రోగ్రాములో దోషముండి అది మెమొరీని తీసికొని తిరిగి ఇయ్యదు. కొన్ని గంటలలో మెమొరీ యంతయు నిండి ఇన్‌స్టెన్సు కూలును. అప్పుడు హాజరుతోపాటు రేషనుకు వచ్చినవారును, పింఛనుకు వచ్చినవారును దుకాణముల ముందు నిలిచిపోవలెను. కూలీకి ఆ దినపు పని పోవును. మూడు పనులకు మూడు ఇన్‌స్టెన్సులు ఉండి, ఒక్కొక్క దాని మెమొరీకి హద్దు నిర్ణయించియుండినచో, హాజరు మాత్రమే ఆగును. తక్కిన రెండును సాగును.

ఇతర ప్రయోజనములును కలవు. ఒక ఇన్‌స్టెన్సును ఆపి కొత్త కూర్పు పెట్టుచున్నప్పుడు దాని జతది పని చూచుకొనగలదు. పాత కూర్పు అవసరమైన అప్లికేషనును, కొత్త కూర్పు కావలసిన దానిని ఒకే యంత్రముపై ఉంచవచ్చును. అట్టి చోట హోమ్‌లు గూడ రెండు కావలెను. జావా ఇన్‌స్టెన్సు తన మెమొరీలోని చెత్తను అప్పుడప్పుడు ఊడ్చుకొనును. కొన్ని పద్ధతులలో మెమొరీ పెద్దదైన కొలది ఆ ఊడ్పు విరామము పెరుగును. చిన్న ఇన్‌స్టెన్సులలో విరామములు చిన్నవి. పైగా అవన్నియు ఒకే క్షణమున రావు.

గేటు వద్ద మనిషి

దుకాణములోని యంత్రమునకు 8081, 8082 అను సంఖ్యలు తెలియవు, తెలియనక్కరయు లేదు. యార్డు గేటు వద్ద ఒక మనిషి నిలిచి, వచ్చిన బండ్లను ఖాళీగా ఉన్న కాటాకు మళ్లించినట్లు, ముందుండి ప్రశ్నలను పంచిపెట్టు ప్రోగ్రాము నొకదానిని నిలుపుదురు. దీనిని 'ప్రాక్సీ' అందురు. రష్యాకు చెందిన ఇగోర్ సిసోయెవ్ 2004లో విడుదల చేసిన 'ఇంజిన్ ఎక్స్' ఈ పనికి బహుళముగా వాడబడుచున్నది. బయటివారందరు 443 అను ఒకే ద్వారమునకు వత్తురు. ప్రాక్సీ వరుసగా ఒక ప్రశ్న ఒక దానికి, తరువాతిది మరొక దానికి అందించును. ఒక ఇన్‌స్టెన్సు జవాబు చెప్పకున్నచో దానిని విడిచి తక్కిన వానికి పంపును.

ఇందులో ఒక చిక్కు కలదు. రెండవ కాటా వద్ద తూకము వేయించి చీటీ వ్రాయించుకొన్న రైతు, మరల వచ్చినప్పుడు మూడవ కాటాకు పంపబడినచో, ఆ గుమాస్తా చిట్టాలో అతని పేరుండదు. అట్లే ఒక ఇన్‌స్టెన్సు వద్ద సంకేతపదమిచ్చి లోపలికి వచ్చిన వ్యక్తిని రెండవ ఇన్‌స్టెన్సు గుర్తింపదు. మరల సంకేతపదము అడుగును. ఇందుకు రెండు మార్గములున్నవి. మొదటిది, ఒకసారి వచ్చిన వారిని ఎల్లప్పుడు అదే ఇన్‌స్టెన్సునకు పంపుట. టామ్‌క్యాట్‌లో ఒక్కొక్క ఇన్‌స్టెన్సునకు పేరు పెట్టి, ఆ పేరును వ్యక్తి కిచ్చు గుర్తింపు సంఖ్య చివర చేర్చుదురు. ప్రాక్సీ దానిని చదివి దారి చూపును. రెండవది, ఇట్టి గుర్తులను అందరికి అందుబాటైన ఉమ్మడి స్థలములో ఉంచుట. మొదటి మార్గములో ఆ ఇన్‌స్టెన్సు కూలినచో ఆ వ్యక్తి గుర్తులును పోవును. రెండవ మార్గములో పోవు.

ఒకే నిల్వ, ఇద్దరు గుమాస్తాలు

వేరుపరచుటకు వీలుకానివియు కొన్ని కలవు. రేషను నిల్వ అట్టిది. జాతీయ ఆహార భద్రతా చట్టము, 2013 ప్రకారము ప్రాధాన్య కుటుంబములో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము. కోసిగిలో ఆరుగురున్న కుటుంబమునకు 30 కిలోలు. ఇద్దరు హైదరాబాదులో ఉండి 10 కిలోలు, ఇంటి వద్ద నలుగురు 20 కిలోలు తీసికొనదలచిరి. ఇట్లు పంచుకొనుటకు ఏర్పాటు అంగీకరించును. రెండు ప్రశ్నలును ఒకే క్షణమున వచ్చి, ఒకటి మొదటి ఇన్‌స్టెన్సునకు, రెండవది రెండవ దానికి చేరినవనుకొనవలెను.

మొదటిది నిల్వ చూచును: 30. రెండవదియు చూచును: 30. మొదటిది పది తీసివేసి 20 అని వ్రాయును. రెండవది తాను చూచిన 30 నుండి ఇరువది తీసివేసి 10 అని దానిపైనే వ్రాయును. నిజమునకు మిగిలినది సున్న. పుస్తకములో ఉన్నది 10. ఒకే ఇన్‌స్టెన్సు ఉన్నను రెండు థ్రెడ్ల నడుమ ఈ తప్పు రావచ్చును. కాని అక్కడ ప్రోగ్రాము లోపలనే ఒక తాళము వేసి కాపాడవచ్చును. ఇన్‌స్టెన్సులు పలువైనప్పుడు ఒక దాని లోపలి తాళము మరొక దానికి కనబడదు. కావున తాళము నిల్వ ఉన్నచోటనే, అనగా ఉమ్మడి డేటాబేసులో, ఉండవలెను. ఒకరు లెక్క చూచి వ్రాసి ముగించు వరకు రెండవ వారు ఆ వరుసను తాకకుండ డేటాబేసు ఆపును. తరువాత చూచినవారికి 20 అనియే కనబడును. అందులో ఇరువది తీసివేయగా సున్న వచ్చును. లెక్క సరిపోవును.

రాత్రివేళ తమంతట తాము జరుగు పనుల విషయమున గూడ ఇట్టి జాగ్రత్తయే అవసరము. నెల మొదట కొత్త కోటా చేర్చవలెనని ప్రతి ఇన్‌స్టెన్సులోను వ్రాసియుండినచో, నాలుగు ఇన్‌స్టెన్సులు నాలుగు మార్లు చేర్చును. ఆ పని ఏదో ఒక దానికే అప్పగింపవలెను.

పాఠశాలలో చేయదగిన ప్రయోగము

లినక్సు వ్యవస్థయు, పైథాన్ భాషయు ఉన్న కంప్యూటరు చాలును. రెండు ఫోల్డర్లు చేసి, ఒక దానిలో 'మొదటి సర్వరు' అనియు, రెండవ దానిలో 'రెండవ సర్వరు' అనియు వ్రాసిన చిన్న వెబ్ పుటలను ఉంచవలెను. పైథాన్‌తో వచ్చు చిన్న వెబ్ సర్వరును మొదటి ఫోల్డరునుండి 8001 పోర్టుపై, వేరొక కిటికీలో రెండవ ఫోల్డరునుండి 8002 పోర్టుపై ప్రారంభింపవలెను. బ్రౌజరులో యంత్రము సొంత చిరునామా 127.0.0.1 వ్రాసి, ప్రక్కన రెండు చుక్కలు పెట్టి 8001 అని చేర్చిన మొదటి పుటయు, 8002 అని చేర్చిన రెండవ పుటయు కనబడును. ప్రోగ్రాము ఒకటే, ఇన్‌స్టెన్సులు రెండు.

ఇప్పుడు మూడవ దానిని గూడ 8001 పైననే ప్రారంభింప యత్నించిన, స్థానము వాడుకలో ఉన్నదను దోషసూచన వచ్చును. పిమ్మట మొదటి దానిని ఆపి చూడవలెను. 8001 మూగవోవును, 8002 జవాబిచ్చుచునే ఉండును. చివరగా ఉపాధ్యాయుడు యంత్రమునే ఆర్పినచో రెండును పోవును. ఈ మూడు పరీక్షలలో విషయసారమంతయు ఇమిడియున్నది.

యంత్రమే చెడిన?

యార్డుకు తాళము పడినచో కాటాలు ఎన్ని ఉన్నను ఒక్కటే. విద్యుత్తు పోయినను, డిస్కు చెడినను, బయటికి పోవు తీగ తెగినను ఆ యంత్రముపైని ఇన్‌స్టెన్సులన్నియు కలిసి ఆగును. అందుచేత ఆగకూడని పనులకు కనీసము రెండు యంత్రములు, సాధ్యమైనచో రెండు ఊళ్లలో, ఉంచుట అవసరము. ఒక యంత్రముపై పలు ఇన్‌స్టెన్సులు నడుపుట ఆ ఏర్పాటునకు బదులు కాదు. దానికి మొదటి మెట్టు. ప్రాక్సీకి ఒకే యంత్రములోని నాలుగు ద్వారములకు పంచుట నేర్పినచో, రెండు యంత్రములలోని ఎనిమిది ద్వారములకు పంచుట కష్టము కాదు.

ఒక పొలమును నాలుగు మడులుగా చేసినంత మాత్రమున సెంటు భూమి యైనను పెరుగదు. గట్లకు కొంత నేల పోవును గూడ. కాని ఒక మడికి గండి పడినప్పుడు తక్కిన మూడింటిలో నీరు నిలుచును. సర్వరును పలు ఇన్‌స్టెన్సులుగా నడుపుటలోని లాభమును ఈ మేరకే లెక్కింపవలెను. యంత్రపు బలము కోర్లలోను మెమొరీలోను ఉన్నది; ఇన్‌స్టెన్సుల సంఖ్యలో లేదు. ఏది వేరుగా ఉంచవలెను, ఏది ఉమ్మడిగా ఉంచవలెను అని ముందుగా తెలిసి చేసినచోటనే దుకాణము ముందు నిలిచిన మనిషికి సరియైన జవాబు వేళకు అందును.